పెరటి తాబేలు – పెంచినవారితో మన మాట



వేరుశెనగ గురించో కంది గురించో చెప్పవలసినవాడు తాబేలు గురించి మాట్లాడుతున్నాడేమిటని మీకు అనిపించవచ్చు. మెట్ట వ్యవసాయానికి ఇది దూరపు మాటేమీ కాదు. నేను అనంతపురం వైపు పనిచేసేవాణ్ణి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఎర్రనేల, రాతిగుట్టలు, గట్ల మీద గరిక, నాగజెముడు పొదలు. ఇదంతా మనకు బీదతనంగా కనిపిస్తుంది గాని నక్షత్ర తాబేలుకు ఇదే కలిమి. నల్లటి చిప్ప మీద ప్రతి పలకకూ నడుమ పసుపు బొట్టు, ఆ బొట్టు నుంచి నలుదిక్కులకూ పసుపు గీతలు వుంటాయి. చేతిలో పట్టుకొని చూస్తే ఎంతో సొగసుగా వుంటుంది. ఎండిన గడ్డిలో వుంటే మాత్రం, పక్కనే నడిచిపోతున్నా కనిపించదు. గడ్డి నీడల మధ్య దాగడానికి దానికి ప్రకృతి ఇచ్చిన రంగులవి.

తొలకరి పడి గట్లు పచ్చబడగానే ఇవి బయటికి వస్తాయి. పొద్దున చల్లగా వున్నప్పుడు, మళ్ళీ సాయంత్రం, మేతకు తిరుగుతాయి. మనమూ సరిగ్గా అప్పుడే విత్తనానికి చేలోకి దిగుతాము. అలా మనకూ వాటికీ పరిచయం. పిల్లవాడు ఒకదాన్ని ఎత్తి లుంగీ చెంగులో పెట్టుకొని ఇంటికి తెస్తాడు. పెద్దలు వద్దనరు. తాబేలు ఇంట్లో వుంటే లక్ష్మి నిలుస్తుందని ఒకరంటారు, విష్ణుమూర్తి అవతారం కదా అని మరొకరంటారు. ఆ పూట నుంచి దాని కాపురం సిమెంటు తొట్టిలో.

కష్టమంతా ఆ తొట్టితోనే మొదలు. మన తాబేళ్ళన్నీ ఒక జాతి కావు. చెరువుల్లోనూ వరి మడుల్లోనూ బావుల్లోనూ వుండే నీటి తాబేలు వేరు, ఈ నేల తాబేలు వేరు. కాళ్ళు చూస్తే చాలు, తెలిసిపోతుంది. నీటి తాబేటికి వేళ్ళ నడుమ బాతు కాలికున్నట్లు పొర వుంటుంది. నేల తాబేటి కాళ్ళు ఏనుగు కాళ్ళలా గుండ్రంగా, మొద్దుగా వుంటాయి. ఆ కాళ్ళతో అది ఈదలేదు. లోతు నీటిలో వేస్తే మునిగి చస్తుంది. నీళ్ళు శుభ్రంగా వుంటాయని బావిలో తాబేటిని వేసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఇంకా వున్నది. నీటి తాబేటికే అది చెర. నేల తాబేటిని వేశామంటే పాతిపెట్టినట్లే.

ఇక మేత సంగతి. మనం తినేదే దానికీ పెడతాము. బువ్వ, పాలు, రొట్టె, బిస్కత్తు. ఇష్టంగా తింటున్నదని సంతోషిస్తాము. అడవిలో దాని తిండి గడ్డి, ఆకులు, రాలిన పండ్లు, పువ్వులు. పీచు ఎక్కువ, పిండి తక్కువ. పైగా తాబేటి చిప్ప మనం తొడుక్కొనే చొక్కా వంటిది కాదు. అది దాని వెన్నెముక, పక్కటెముకలు కలిసి విచ్చుకొని ఏర్పడిన ఎముక. దానిలో నరాలున్నాయి. గీస్తే తెలుస్తుంది, తొలిస్తే నొప్పి పుడుతుంది. తాడు కట్టడానికి చిప్ప అంచుకు రంధ్రం పెట్టినవారిని చూశాను. పండుగకు రంగు పూసినవారినీ చూశాను. ముద్దుగా వుంటుందని చేసినవే గాని, బాధించాలని చేసినవి కావు.

ఎముక గట్టిపడాలంటే సున్నపు ధాతువు కావాలి. ఆ సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ తగలాలి. గది మూలలోనో మంచం కిందనో గంప కిందనో వుంచిన తాబేటికి ఎండ ఎక్కడిది? కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ కూడా ఈ పనికి చాలదు. కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. నెలలు గడిచే కొద్దీ చిప్ప మెత్తబడుతుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. పలకలు ఎగుడుదిగుడుగా పెరిగి చిన్న చిన్న గోపురాలు లేస్తాయి. ఈ జాతికి కొంత ఎత్తుపల్లం సహజమే, నేను చెప్పేది అంతకు మించి వికారంగా పెరిగేదాని గురించి. కాళ్ళు వంకరపోతాయి. తాబేటికి పళ్ళుండవు, నోటికి చిలకముక్కు వంటి గట్టి అంచు వుంటుంది. మెత్తని బువ్వతో అది అరగక పెరిగి పెరిగి, చివరకు మేత కొరకడానికే అడ్డం వస్తుంది. గోళ్ళూ అంతే. ముక్కు కారుతున్నా, నోరు తెరిచి గస పెడుతున్నా, కళ్ళు ఉబ్బి మూసుకుపోయినా అది జబ్బే. తాబేలు అరవదు, మూలగదు. నొప్పి అని చెప్పుకోవడానికి గొంతు లేని ప్రాణి గనుక అది చచ్చిపోయిన రోజుదాకా ఇంట్లోవారికి ఏమీ తెలియదు.

ఇది ఒక్కొక్క ఇంటి సంగతిగానూ పోలేదు. దీని వెనుక పెద్ద వ్యాపారమే వున్నది. మన దేశంలో ఒక్క స్థావరం నుంచే ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్ళను అడవుల నుంచి పట్టి తరలించారని 2015లో అచ్చయిన పరిశోధన ఒకటి తేల్చింది. అందుకనే 2019లో జెనీవాలో కూడిన దేశాలు దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. మన 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించి, దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో వున్నది. మొదటి షెడ్యూలంటే పెద్దపులి వుండే వరుస. దీన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. శిక్ష మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళదాకా వుంటుంది. జరిమానా కనీసం 25 వేల రూపాయలు. చేలోదే కదా, మా గట్టుదే కదా అంటే చెల్లదు. ఒకవేళ చేతికి వస్తే 48 గంటలలోగా దగ్గరి పోలీసు స్టేషనులోగాని అటవీ అధికారి వద్దగాని తెలియజేయాలి.

ఈ చట్టాన్ని గ్రామంలో ఎలా చెప్పాలన్నదే నేను ముఖ్యంగా మాట్లాడదలచుకొన్నది. చట్టం తెలిసిన ప్రతివాడికీ నోటిదురుసు వస్తుంది. ఒక అవ్వ సంగతి చెబుతాను.

ఆమె కొడుకు చేలో దొరికిన తాబేటిని ఇంటికి తెచ్చాడు. తరవాత అతను మేస్త్రీ పనికి బెంగుళూరు వెళ్ళాడు. తాబేలు అవ్వ దగ్గర మిగిలింది. ఊళ్ళో చదువుకొన్న కుర్రవాడొకడు అది చూసి, ఫోను తీసి వీడియో పడుతూ, "అవ్వా, నిన్ను జైల్లో వేస్తారు, తెలుసా?" అన్నాడు. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాడు. జంతువుల మీద ప్రేమ వున్నవాడే. కాని మరునాటికి తొట్టి ఖాళీ అయింది. అడిగినవారందరికీ అవ్వ "అది ఎప్పుడో పోయింది" అని చెప్పసాగింది. లోపలి గదిలో గంప కింద దాచింది. అంతవరకూ పెరట్లో రోజుకు కాసేపైనా తగులుతున్న ఎండ కూడా పోయింది. తిట్టినందువల్ల తాబేటికి కలిగిన మేలు ఇది.

నేను ఈ-పంట నమోదుకు ఆమె కంది చేను చూడడానికి వెళ్ళాను. కుర్రవాడి వీడియో సంగతి అప్పటికే విని వున్నాను. ముందుగా చేను సంగతే మాట్లాడాము. తరవాత, "తాబేటికి ఏం పెట్టేదానివి అవ్వా?" అని మాత్రం అడిగాను. "ఎందుకు పెంచావు" అని అడిగితే నిందలా వుంటుంది. "ఏం పెట్టేదానివి" అంటే పెంచినవారి ఆప్యాయతకు మాట దొరుకుతుంది. ఆమె చాలాసేపు నా ముఖం చూసి, "బువ్వా పాలూ నాయనా. దానికి పెట్టకుండా నేను ఒక్క పూట తినలే. మావాడు పోయి ఐదేండ్లాయ. ఇంట్లో మెదిలేది ఇదొక్కటే" అన్నది. అని, తనే లోపలికి పోయి గంప ఎత్తింది.

చిప్ప మెత్తగా వుంది. వెనుక కాళ్ళు ఈడుస్తున్నది.

విటమిను, కాల్షియం అని మొదలుపెడితే ఆమె వినేది కాదు. "అవ్వా, వేరుశెనగకు పూతకొచ్చి ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం ఎందుకు వేస్తావు?" అన్నాను. "వెయ్యకపోతే కాయ లొట్టపోదా?" అన్నది. చెట్టు పచ్చగానే వుంటుంది, పైకి లోపం కనబడదు, పీకి చూస్తే కాయలో గింజ వుండదు. తాబేటికీ అదే జరిగిందని చెప్పాను. ఆమె తాబేటిని తిప్పి చూసి, "అయితే నేను పెట్టిన బువ్వే దీన్ని లొట్ట చేసిందా నాయనా" అని ఏడ్చింది. ఆ క్షణాన "అవును" అనడం ఎంత తేలికో, అంత క్రూరం. "నీకు చెప్పినవారు లేరవ్వా. నువ్వు పెట్టబట్టి ఇన్నాళ్ళు బతికింది" అన్నాను. రెండూ నిజమే. (విన్నవారు ఎవరైనా తాబేటికి జిప్సం తినిపించేరు. పోలిక పోలికే.)

అటవీశాఖకు తెలియజేయక తప్పదని ఆమెకు అప్పుడే చెప్పాను. దాచలేదు. కేసు వుండదని మాటా ఇవ్వలేదు. ఆ మాట ఇచ్చే అధికారం నాకు లేదు, వ్యవసాయ శాఖలో ఎవరికీ లేదు. "నేనూ వస్తాను, వున్నది వున్నట్లు చెబుదాం" అన్నాను. రేంజి ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. కూర్చొని ఆమె చెప్పింది రాసుకొన్నారు, వేలిముద్ర తీసుకొన్నారు, గాలి ఆడే పెట్టెలో గడ్డి పరిచి తీసుకువెళ్ళారు. ఆమె పెట్టెలో మందారపువ్వులు వేసింది. రెండు నెలల తరవాత చిప్ప కొంత గట్టిపడిందని, కాళ్ళ వంకర మాత్రం పోదని కబురు వచ్చింది. మళ్ళీ గుట్టల్లోకి పోగలదా అంటే, వారు ఏమీ చెప్పలేదు. ఆ అవ్వ ఇంటికి నేను ఇప్పటికీ ఆ వైపు పోయినప్పుడల్లా వెళ్ళి కాసేపు కూర్చుంటాను. తాబేటిని తీసుకుపోయిన తరవాత ఆ ఇంట్లో ఏం మిగిలిందో ఆలోచించడం కూడా మన పనిలోదే. ఊరి సంఘం స్త్రీలతో చెప్పి ఆమెను వారి కోళ్ళ పెంపకంలో చేర్చాము.

తోటి ఉద్యోగులకు ఒక్క మాట. గద్దిస్తే తాబేలు తల లోపలికి లాక్కొంటుంది. ఎంత గట్టిగా లాగినా బయటికి రాదు. నేలమీద వుంచి దూరం జరిగితే దానంతటదే తల చాపుతుంది. మనిషికీ అంతకంటే వేరు ఉపాయం నాకు తెలియలేదు. ఇల్లు ఇరుకనో, చేతకాదనో, తప్పు చేశారనో ముందే తీర్పు చెప్పకండి. ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అసలే వద్దు. ఆ ఇంటివారు ఊళ్ళో తలెత్తుకోలేక ఆ రాత్రికే తాబేటిని చెరువులో వేస్తారు. నేల తాబేలు చెరువులో ఏమవుతుందో ఇందాక చెప్పాను.

ఇంకొక రకం దయ కూడా వున్నది, అదీ పనికిరాదు. "ఎవరికీ చెప్పకు, గుట్టలో వదిలెయ్యి" అని చెవిలో చెప్పడం. ఇన్నేళ్ళు బువ్వ తిన్నది, చిప్ప మెత్తబడినది అక్కడ కుక్కకో నక్కకో ఒక్కపూట తిండి. అంతకన్నా పెద్ద ముప్పు, దాని ముక్కు జలుబు అక్కడి తాబేళ్ళకు అంటుకోవడం. పశువుల సంతలో గాలికుంటు ఒకదాని నుంచి మందకు ఎలా పాకుతుందో మీకు తెలియనిది కాదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడికి ఇద్దామని కొందరు అడుగుతుంటారు. అక్కడ కూర్మనాథుని సన్నిధిలో నక్షత్ర తాబేళ్ళు వున్న మాట నిజం. కాని అనుమతి లేకుండా సంచిలో వేసుకొని బస్సెక్కడం చట్టం ఒప్పని పని. తాబేటికీ అంత ప్రయాణం ఓర్వశక్యం కాదు. మొక్కు వుంటే కొబ్బరికాయతో తీర్చుకోండి. ఇంట్లో కూర్మం కావాలనుకొంటే ఇత్తడిది పెట్టుకోండి, దానికి మేత బెంగ లేదు.

పట్నాల నుంచి సెలవులకు వచ్చే పిల్లలు అద్దాల తొట్టిలో తెచ్చే ఆకుపచ్చ తాబేలు మరొకటి వున్నది. చెవి దగ్గర ఎర్ర చార వుంటుంది. కొనేటప్పుడు రూపాయి బిళ్ళంత, పెరిగితే పళ్ళెమంత. అది అమెరికా జాతి. విసుగు పుట్టి మన చెరువులో వదిలితే మన నీటి తాబేళ్ళ మేతను, ఎండ కాచుకొనే చోటును ఆక్రమిస్తుంది. పార్థీనియం మన పొలాల్లోకి వచ్చి ఏం చేసిందో గుర్తు చేసుకోండి. పెంచలేకపోతే పశువైద్యుణ్ణి అడిగి దారి చూడండి, చెరువు మాత్రం దారి కాదు.

ఇక అటవీశాఖవారు వచ్చేదాకా ఒకటి రెండు రోజులు నేల తాబేటిని ఎలా చూడాలి? ముందు తొట్టిలోంచి బయటికి తియ్యండి. కుక్క, కాకి రానిచోట, పొడి మట్టి మీద, పొద్దుటి ఎండ తగిలేలా వుంచండి. పక్కనే నీడ కూడా వుండాలి, ఎండ ముదిరితే అది తనంతట జరగగలగాలి. వెడల్పాటి పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు, దాని గడ్డం మునగనంత మట్టానికి పోసి, పావుగంట నిలబెట్టండి. ఎండిపోయిన తాబేలు ఆ నీళ్ళు తాగుతుంది. గరిక, మందార ఆకులు, పువ్వులు, ముళ్ళు చెక్కిన నాగజెముడు మట్ట వెయ్యండి. తినకపోతే బలవంతంగా నోరు తెరవకండి. పాలు, బువ్వ, రొట్టె ఆపెయ్యండి. చిప్ప పగిలివుంటే జిగురు, సిమెంటు, సున్నం ఏదీ పూయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, ఈగలు వాలకుండా చూసి పశువుల ఆసుపత్రికి చేర్చండి, అటవీశాఖకు కబురు పెట్టండి. ముట్టుకొన్న చేతులు సబ్బుతో కడగాలి. తాబేటి ఒంటిమీద కడుపునొప్పి, విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు వుండవచ్చు, చంటిపిల్లలను దూరంగా వుంచాలి.

చివరగా పొలం సంగతి. ఇంటికి తెచ్చిన తరవాత చూపే దయకన్నా గట్టుమీద చూపే దయ ఖర్చులేనిది. తాబేలు కనిపిస్తే కనిపించినచోటనే వుండనివ్వండి. ఎత్తగానే అది మూత్రం పోస్తుంది. మెట్ట తాబేలు ఎండాకాలానికి దాచుకొన్న నీరది, ఊరికే ఎత్తి చూసి దింపినా ఆ నీరు పోయినట్లే. దారికి అడ్డంగా వుంటే, అది ఎటు పోతున్నదో అటువైపు గట్టుకు జరిపితే చాలు. వేసవిలో గట్ల మీది ఎండుగడ్డికి నిప్పు పెట్టే ముందు పొదల మొదళ్ళు కర్రతో కదిపి చూడండి. ఎండలు ముదిరినప్పుడు అవి మేత మాని పొదల కింద కదలకుండా పడివుంటాయి, పరుగెత్తి తప్పించుకొనేవి కావు.

దుక్కిలోగాని, వేరుశెనగ పీకేటప్పుడుగాని, జానెడు లోతులో తెల్లని గుడ్లు నాలుగైదు బయటపడవచ్చు. కోడిగుడ్డులా దొర్లించకండి. ఏ వైపు పైకి వున్నదో ఆ వైపే పైకి వుండాలి, తిరగబడితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. అదే మట్టిని వదులుగా కప్పి, నాలుగువైపులా నాలుగు పుల్లలు గుచ్చి, నాగలినిగాని ట్రాక్టరునుగాని ఆ జానెడు చోటు తప్పించి తిప్పుకోండి. నెలలు పడుతుంది, తొందర వద్దు.